కణవిభజనకు కళ్ళెం వేసిన తెలుగువాడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

విజ్ఞానశాస్త్రజ్ఞుని జీవితచరిత్రను తెలుగు అధ్యాపకులు వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని కావ్యనాయకుని జీవితంలో వలెనే శాస్త్రజ్ఞుని జీవితంలోను కష్టాలు, ఎడబాట్లు, పరాజయాలు, విజయాలు ఉంటాయి. వాటిని మన భాషలో, మన విద్యార్థులకు సుబోధకమయ్యే రీతిలో చెప్పవలసిన బాధ్యత భాషాధ్యాపకులమైన మాపై కూడ ఉన్నదని మా నమ్మకం. మా తరగతులలో వైద్యవిద్యను అభిలషించేవారు అనేకులు. మెథోట్రెక్సేట్ అనే కేన్సరు మందు పేరు విన్నవారు వారిలో కొందరు కలరు. దాని పుట్టుక వెనుక గోదావరి నీళ్ళు త్రాగి పెరిగిన ఒక తెలుగువాడు ఉన్నాడని చెప్పగలిగినవారు మాత్రం ఒకరిద్దరే. ఆ లోటును కొంతైనా తీర్చాలన్న ఆశతో ఈ వ్యాసానికి పూనుకున్నాము. శాస్త్రవిషయాలలో సందేహాలు కలిగినప్పుడెల్ల మా జీవశాస్త్ర శాఖలోని మిత్రులను ఆశ్రయించామని ముందుగానే మనవి చేసుకుంటున్నాము.

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాల్గవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యకారణంగా ఆయన వయసు నిండకుండానే ఉద్యోగం విడువవలసి రావడంతో ఆ ఇంటిని దారిద్ర్యం ఆవరించింది. బాలుడైన సుబ్బారావుకు చదువుపై మనసు నిలువలేదు. కాశీకి వెళ్ళి అక్కడి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలన్న తలంపుతో ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి ఆయనను వెనుకకు రప్పించి మళ్ళీ బడికి పంపింది. చివరకు తన ఒంటిమీది బంగారం సైతం అమ్మి ఆ తల్లి కుమారుని చదివించిందని చరిత్రకారులు చెబుతారు.

ఇట్టి త్యాగానికి వెనువెంటనే ఫలితం దక్కలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో సుబ్బారావు ఒకసారి కాదు, రెండుసార్లు తప్పారు. మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష తప్పగానే ప్రపంచమే ముగిసినట్లు భావించి కుమిలిపోయే విద్యార్థులను ప్రతి సంవత్సరం చూస్తున్నాము. వారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలును. అటుపిమ్మట ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివారు. సన్న్యసించి సేవాజీవితం గడపాలన్న కోరిక ఆ వయసులో ఆయనలో బలంగా ఉండేది. తల్లి అందుకు సమ్మతించలేదు. సేవకు వైద్యవృత్తి కూడ ఒక మార్గమే అన్న ఆలోచనతో ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువు ఖర్చులకు తోడ్పడ్డారు. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహం జరిగింది.

అవి జాతీయోద్యమం ఉవ్వెత్తున లేచిన రోజులు. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు ఖద్దరుతో కుట్టిన శస్త్రచికిత్స దుస్తులు ధరించి తరగతికి వెళ్ళారు. శస్త్రవైద్య ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు అనే ఆంగ్లేయునికి అది రుచించలేదు. ఫలితంగా ఇతర విషయాలలో ప్రతిభ చూపినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం లభించలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించే ఉపన్యాసకులుగా చేరారు. ఆకులలో, వేళ్ళలో, జంతువుల అవయవాలలో దాగియున్న ఔషధగుణాలను ఆధునిక రసాయనశాస్త్రం సహాయంతో వెలికి తీయాలన్న తపన అక్కడనే ఆయనలో దృఢపడింది.

ఈ తపనకు వెనుక మరొక విషాదం కలదు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధివల్ల కొద్దిరోజుల వ్యవధిలో మరణించారు. తిన్న ఆహారం ఒంటికి పట్టక, రక్తం క్షీణించి, మనిషి కళ్ళ ఎదుటనే కరిగిపోయే జబ్బు అది. ఆనాటి వైద్యులకు దానికి మందు తెలియదు. తెలియని ఆ మందును వెదకడమే ఆ యువకుని జీవితలక్ష్యమైనది.

విదేశాలలో ఉన్నతవిద్య అభ్యసించాలంటే ధనం కావాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆయనకు చేయూతనిచ్చింది. మామగారు కూడ సహాయం చేశారు. భార్యను పుట్టింట విడిచి సుబ్బారావు సముద్రం దాటి, 1922 అక్టోబరు నెలలో బోస్టను నగరం చేరుకున్నారు. ఆయన మళ్ళీ స్వదేశం తిరిగి రాలేదు. భార్యాభర్తలు మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. గొప్పవారి జీవితాలు వ్రాసేటప్పుడు ఇట్టి విషయాలను దాటవేయడం పరిపాటి. కాని ఆయన సాధించిన విజయాలకు మూల్యం చెల్లించినవారిలో ఆ ఇల్లాలు కూడ ఒకరని చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

హార్వర్డు విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య విభాగంలో ఆయన చేరారు. చేతిలోని డబ్బు చాలలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపనికి కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసి పొట్టపోసుకున్నారు. పగలు చదువు, రాత్రి కూలి. ఈ విధంగా ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా సంపాదించి, సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద జీవరసాయన శాస్త్రంలో పరిశోధన ప్రారంభించారు.

మొదటి విజయం 1925లో లభించింది. భాస్వరం మన ఎముకలలోను, రక్తంలోను, ప్రతి జీవకణంలోను ఉంటుంది. కొద్దిపాటి రక్తంలో అది ఎంత ఉన్నదో కచ్చితంగా కొలవడం ఆనాడు కష్టసాధ్యం. ఫిస్క్, సుబ్బారావులు కనుగొన్న పద్ధతిలో భాస్వరానికి మాలిబ్డేటు అనే లవణాన్ని చేర్చి, ఆపై తగిన మరొక రసాయనం కలిపితే ద్రవం నీలిరంగుకు తిరుగుతుంది. నీలం చిక్కనైన కొద్దీ భాస్వరం ఎక్కువ అన్నమాట. వినడానికి ఇంత సులభమైన ఈ పద్ధతి ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటా వ్యాపించింది. వారిద్దరి పేర్లతోనే అది ఇప్పటికీ వ్యవహరింపబడుతున్నది.

కొలబద్ద చేతికి వచ్చిన తరువాత కొత్త సంగతులు బయటపడ్డాయి. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని వారు కనుగొన్నారు. కండరం పనిచేయడానికి కావలసిన శక్తి ఎక్కడి నుండి వస్తుందన్న విషయంలో 1922లో నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతాన్ని సవరించుకొనక తప్పని పరిస్థితి దీనివల్ల ఏర్పడింది. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని స్వతంత్రంగా కనుగొన్నాడు. ఎ.టి.పి.లో వరుసగా మూడు భాస్వర సమూహాలు ఉంటాయి. చివరిదానిని విడదీసి వాడుకుంటూ కణం తన పనులన్నీ నడుపుకుంటుంది. బజారులో ఏ వస్తువు కొనాలన్నా రూపాయి ఎట్లు చెల్లుతుందో, కణంలో ఏ పని జరగాలన్నా ఎ.టి.పి. అట్లు చెల్లుతుంది. పాఠకులు ఈ చివరి భాస్వర సమూహాన్ని గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. మన కథలో అది మళ్ళీ వస్తుంది.

1930లో సుబ్బారావు డాక్టరేటు పొందారు. మరి పదేళ్ళు హార్వర్డులోనే శ్రమించారు. అయినను అక్కడ ఆయనకు శాశ్వతోద్యోగం లభించలేదు. ఆయన పరిశోధనలలో కొన్ని ఆనాడు వెలుగు చూడకపోవడంవల్ల తరువాతివారు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, ఫిస్క్ ప్రయోగశాలలోనే శిక్షణ పొంది 1988లో నోబెల్ బహుమతిని అందుకున్న జార్జి హిచింగ్స్ అనంతరకాలంలో వెల్లడించారు. సుబ్బారావు మాత్రం తన పేరు కొరకు ఎవరితోను వివాదపడినవారు కారు. 1940లో ఆయన హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనాలయంలో చేరారు. అనతికాలంలోనే అక్కడి పరిశోధనలకు సంచాలకులయ్యారు.

అక్కడ ఆయన పాత లక్ష్యం మళ్ళీ ముందుకు వచ్చింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీస్త్రీలలో ఒక విధమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారం తినిపిస్తే అది నయమవుతున్నదని నిరూపించారు. ఆ సారంలో ఉన్న పదార్థమేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరవంటి ఆకుకూర నుండి దానిని రాబట్టి, ఆకు అనే అర్థంగల లాటిన్ మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. టన్నులకొద్దీ ఆకులు పిండినా లభించేది లేశమాత్రం. సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ రసాయనశాస్త్రజ్ఞులు దాని నిర్మాణాన్ని తేల్చి, 1945లో ప్రయోగశాలలోనే దానిని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ రోగులకు, గర్భిణీస్త్రీల రక్తహీనతకు అది దివ్యౌషధమైనది. తన సోదరులను మింగిన వ్యాధికి మందు ఆయన ప్రయోగశాల నుండే వెలువడింది. అప్పటికి వారు గతించి ఎన్నో ఏండ్లయినది.

కథ ఇక్కడ ముగిసినా ఆయన పేరు నిలిచేది. కాని అసలు మలుపు ఇప్పుడే వస్తున్నది. బోస్టను నగరంలోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యూకేమియా, అనగా రక్తకేన్సరు, సోకిన బాలబాలికలను చూస్తుండేవారు. ఎముకల మూలుగలో పుట్టే తెల్లకణాలు పక్వం కాకుండానే అదుపు తప్పి వృద్ధి చెందడమే ఆ వ్యాధి. ఆనాడు ఆ వ్యాధి సోకిన బిడ్డ కొన్ని వారాలలో, మహా అయితే కొన్ని నెలలలో మరణించడమే తప్ప మరొక దారి లేదు. ఫోలిక్ ఆమ్లం రక్తహీనులకు మేలుచేస్తున్నది గదా, ఈ బిడ్డలకు కూడ మేలుచేస్తుందేమోనని ఫార్బర్ ఆశించారు. లెడర్లీ నుండి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను ఇచ్చి చూశారు. ఫలితం విపరీతమైనది. వ్యాధి తగ్గకపోగా మరింత వేగంగా ప్రబలింది.

ఇట్టి సందర్భంలో నిరాశపడి వెనుకకు మరలేవారే ఎక్కువమంది. కాని ఆ వైఫల్యమే దారి చూపింది. ఫోలిక్ ఆమ్లం వ్యాధికణాలకు బలమిస్తున్నదంటే, ఆ కణాలకు అది అత్యవసరమైన ఆహారమన్నమాట. అట్లయితే ఆ ఆహారాన్ని అందకుండ చేస్తే? సుబ్బారావు పర్యవేక్షణలోని రసాయనశాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డగించే పదార్థాలను రూపొందించారు. అణువులో ఒకచోట ఉన్న హైడ్రాక్సిల్ సమూహం స్థానంలో అమైనో సమూహాన్ని నిలిపినప్పుడు ఎమినోప్టెరిన్ ఏర్పడింది. తాళానికి సరిపోయినట్లే దూరి, తిరగక అందులోనే ఇరుక్కుపోయే దొంగతాళంచెవి వంటిది అది. అసలు చెవికి ఇక చోటుండదు.

1947 చివరలో ఫార్బర్ ఆ మందును పిల్లలకు ఇవ్వసాగారు. తీవ్రస్థితిలో ఉన్న 16 మందికి ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. నడవలేని పిల్లలు లేచి తిరిగారు. 1948 జూన్ నెలలో ఈ వార్త వైద్యపత్రికలో వెలువడింది. శస్త్రచికిత్సకు లొంగని రక్తకేన్సరును ఒక రసాయన ద్రవ్యంతో వెనుకకు నెట్టడం సాధ్యమేనని అది చాటింది. అయితే నిజాన్ని దాచరాదు. ఆ ఉపశమనం తాత్కాలికమే. కొన్ని నెలలకు వ్యాధి తిరగబెట్టింది. తల్లిదండ్రులకు దక్కినది కొన్ని నెలల గడువు మాత్రమే.

అది జరిగిన రెండు నెలలకే, 1948 ఆగస్టు నెలలో, సుబ్బారావు నిద్రలో గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయనకు 53 ఏండ్లు. ఎమినోప్టెరిన్‌కు తమ్ముడని చెప్పదగిన మెథోట్రెక్సేట్, దానికంటె తక్కువ విషతుల్యమై, తరువాతి దశాబ్దాలలో ప్రపంచమంతటా వాడుకలోకి రావడం ఆయన చూడలేదు. 1956లో ఆ ఒక్క మందుతోనే గర్భసంబంధమైన ఒక కేన్సరును పూర్తిగా నయం చేయగలగడం ఆయన వినలేదు. అన్నింటిని మించి, తన మందు ఎందుకు పనిచేసిందో సంపూర్ణంగా తెలుసుకొనే అవకాశం ఆయనకు కలుగలేదు. ఎందుకనగా దానిని వివరించే శాస్త్రం అప్పటికి పుట్టనే లేదు.

ఆ శాస్త్రమే కణచక్ర నియంత్రణ శాస్త్రం. లండనులో ఆల్మా హోవార్డు, స్టీఫెన్ పెల్క్ అనే శాస్త్రజ్ఞులు చిక్కుడుజాతి మొక్కల వేళ్ళకు కిరణాలు వెలువరించే భాస్వరాన్ని అందించి, కణం ఎప్పుడు డి.ఎన్.ఎ.ను తయారుచేసుకుంటున్నదో గమనించారు. 1953 నాటికి వారు కణజీవితాన్ని నాలుగు దశలుగా విభజించి చూపారు. సుబ్బారావు తొలి పరిశోధనకు ఆధారమైన భాస్వరమే ఇక్కడ కూడ దారి చూపడం విశేషం. మొదటిది జి-1 దశ: కణం పెరిగి సిద్ధమవుతుంది. రెండవది ఎస్ దశ: తనలోని డి.ఎన్.ఎ.కు పూర్తి నకలు వ్రాసుకుంటుంది. మూడవది జి-2 దశ: వ్రాసినదానిని సరిచూసుకుంటుంది. నాల్గవది ఎం దశ: ఒక కణం రెండుగా చీలుతుంది. మానవకణం ప్రయోగశాలలో పెరిగేటప్పుడు ఈ చక్రం సుమారు 24 గంటలలో పూర్తవుతుంది. అందులో నకలు వ్రాయడానికే ఎనిమిది గంటలు పడుతుంది. తుదకు చీలడానికి ఒక గంట చాలును.

గ్రంథాన్ని నకలు వ్రాసే లేఖకుని ఊహించుకోండి. ఉన్న నాలుగు అక్షరాలలో ఒకదానికి సిరా అయిపోతే అతని కలం మధ్యలోనే ఆగిపోతుంది. డి.ఎన్.ఎ.లోని నాలుగు అక్షరాలలో ఒకటైన థైమిన్ తయారుకావడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. మెథోట్రెక్సేట్ ఆ ఫోలిక్ ఆమ్లాన్ని పనికివచ్చే రూపంలోకి మార్చే ఎంజైమును పట్టుకొని వదలదు. సిరా ఎండిపోతుంది. ఎస్ దశలో ప్రవేశించిన కణం ముందుకు పోలేదు, వెనుకకు రాలేదు, అక్కడనే నశిస్తుంది. సుబ్బారావు తానెరుగని ఒక ద్వారాన్ని మూసినారు. ఆ ద్వారం పేరు ఎస్ దశ.

ఈ విషయం తెలిసిన తరువాత ఎన్నో చిక్కుముడులు విడిపోయాయి. కేన్సరు మందు తీసుకొన్నవారికి నోటిలో పుండ్లు, రక్తహీనత ఎందుకు కలుగుతాయి? కొన్ని మందులకు జుట్టు ఎందుకు ఊడుతుంది? నోటి పొరలో, మూలుగలో, వెంట్రుకల కుదుళ్ళలో ఉండే కణాలు కూడ త్వరత్వరగా విభజన చెందేవే. మందుకు మంచి కణం, చెడ్డ కణం అన్న విచక్షణ లేదు. విభజనలో ఉన్న కణం మాత్రమే దానికి తెలుసు. ఫార్బర్ చికిత్స చేసిన పిల్లలకు వ్యాధి తిరగబెట్టడానికి గల కారణాలలో ఒకటి కూడ దీనివల్లనే తెలిసింది. మందు ఇచ్చిన వేళ విశ్రాంతిలో ఉన్న కేన్సరు కణాలు దాని బారినుండి తప్పించుకొని, తరువాత మేల్కొంటాయి. మందుకు లొంగని శక్తిని అలవరచుకొన్న కణాలు కూడ కొన్ని మిగులుతాయి. కావున ఒక్క ద్వారం మూస్తే చాలదు. అనేక ద్వారాలను, అనేక పర్యాయాలు మూయాలి.

ఈ ఆలోచనతోనే వైద్యులు మందులను కలిపి ఇవ్వసాగారు. ఎస్ దశను అడ్డగించే మెథోట్రెక్సేట్‌కు తోడు, హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్‌లు రూపొందించిన మెర్కాప్టోప్యూరిన్ చేరింది. ఎం దశను అడ్డగించే విన్‌క్రిస్టిన్ చేరింది. ఈ విన్‌క్రిస్టిన్ మన ఇళ్ళ పెరళ్ళలో ఏ పోషణ లేకుండానే పూచే బిళ్ళగన్నేరు మొక్క నుండి లభించేదే. ఆకులలోను, వేళ్ళలోను ఔషధాలు వెదకాలని తపించిన సుబ్బారావు ఇది చూసి ఉంటే ఎంత సంతోషించేవారో! ఇట్టి మిశ్రమ చికిత్సల ఫలితంగా, ఒకనాడు తప్పనిసరి మరణశిక్షగా ఉన్న బాలల తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యూకేమియా నుండి నేడు సంపన్నదేశాలలో నూటికి 90 మంది వరకు పిల్లలు బయటపడుతున్నారు. మందు అందుబాటులో లేని చోట, చికిత్స మధ్యలో ఆగిపోయిన చోట ఈ సంఖ్య ఎంతో తగ్గిపోతుందన్నది మనం మరువరాని నిజం.

ఇక ఆ ద్వారాలకు కాపలాదారులు ఎవరన్న ప్రశ్న మిగిలింది. అమెరికాలో లీలాండ్ హార్ట్‌వెల్, ఇంగ్లండులో పాల్ నర్స్, టిమ్ హంట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనికి సమాధానం వెదకారు. వారు పరిశోధించినది కేన్సరును కాదు. ఈస్టును, సముద్రజీవుల గుడ్లను. 1982లో హంట్ సైక్లిన్ అనే ప్రోటీనును కనుగొన్నారు. చక్రం తిరిగిన ప్రతిసారీ అది పెరిగి, విభజన జరుగగానే నశిస్తుంది. కైనేజ్ అనే ఎంజైము సైక్లిన్‌తో జతగూడినప్పుడు మాత్రమే మేల్కొని, కణాన్ని ఒక దశనుండి మరొక దశకు దాటిస్తుంది. ఈస్టులో ఉన్న ఆ ఎంజైమే మనిషిలోను ఉన్నదని 1987లో నర్స్ బృందం నిరూపించింది. 2001లో ఈ ముగ్గురికి నోబెల్ బహుమతి లభించింది.

కైనేజ్ ఏ విధంగా ద్వారం తెరుస్తుంది? ఎ.టి.పి.లోని చివరి భాస్వర సమూహాన్ని తీసి, ద్వారానికి గొళ్ళెంగా ఉన్న ప్రోటీనుకు అతికిస్తుంది. దానితో గొళ్ళెం ఊడిపోతుంది. మేము పాఠకులను గుర్తుంచుకొమ్మని కోరిన భాస్వర సమూహం ఇదే. 1929లో సుబ్బారావు వేరుచేసిన ఆ పదార్థమే కణచక్రంలోని ద్వారాలను తెరిచే పైకం. ఆరోగ్యవంతమైన కణంలో డి.ఎన్.ఎ. చెడినప్పుడు పి-53 అనే ప్రోటీను చక్రాన్ని నిలిపివేసి, బాగుచేసుకొనే గడువిస్తుంది. బాగుపడకుంటే కణాన్ని ఆత్మనాశనానికి పురికొల్పుతుంది. మానవులకు సోకే కేన్సర్లలో దాదాపు సగంలో ఈ కాపలాదారే చెడిపోయి ఉంటాడు. గొళ్ళెం లేని ద్వారం, కాపలా లేని కోట – కేన్సరు అంటే ఇదే. ఈ జ్ఞానం ఆధారంగా, జి-1 దశనుండి ఎస్ దశకు దాటించే కైనేజ్‌లనే బంధించే పాల్బోసిక్లిబ్ అనే మందు 2015లో అమెరికాలో స్తనకేన్సరు చికిత్సకు అనుమతి పొందింది. సుబ్బారావు బృందం నకలు వ్రాసేవాని సిరాను ఎండగట్టింది. ఈ కొత్త మందు అతనిని గది గడపే దాటనివ్వదు. లక్ష్యం మాత్రం ఒకటే.

కేన్సరు ఒక్కటే ఆయన కార్యక్షేత్రం కాదు. ఆయన సంచాలకత్వంలోనే బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ మందు వెలువడింది. ఆయన జన్మించిన గోదావరి ప్రాంతాన్ని తరతరాలుగా పీడించిన వ్యాధి అది. బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడ ఆ ప్రయోగశాలదే. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొట్టమొదటిది. ఇన్ని సాధించినప్పటికీ ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. ఒక శిలీంధ్రానికి ఆయన పేరుమీదుగా సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలాబిళ్ళ విడుదల చేసింది. ఆయన పేరు తెలియకుండానే ఆయన మందును మ్రింగి బ్రతుకుతున్నవారు అన్ని దేశాలలోను, అన్ని మతాలలోను కలరు.

ప్రియ విద్యార్థులారా! ఈ చరిత్రనుండి మనం గ్రహించవలసినది ఒక్కటే. తెలిసినదానిని నిజాయితీగా కొలవడం, విఫలమైనప్పుడు ఆ వైఫల్యాన్నే ప్రశ్నించడం శాస్త్రజ్ఞుని ధర్మం. ఫలితం తన కళ్ళతో చూడగలమా లేదా అన్నది అతని చేతిలో లేదు. భాస్వరాన్ని కొలిచిన రోజున అది కేన్సరు వరకు దారితీస్తుందని సుబ్బారావుకు తెలియదు. ఈస్టును పరీక్షించిన రోజున హార్ట్‌వెల్ తరువాత రాబోయే మందును చూడలేదు. మీరు నేడు ప్రయోగశాలలో చేసే చిన్న కొలతను కూడ చిన్నచూపు చూడకండి.

మా కళాశాల పాలకవర్గంవారికి కూడ ఒక విన్నపం. రెండుసార్లు పరీక్ష తప్పిన, పట్టా సైతం సరిగా దక్కని ఒక పేద యువకుని నమ్మి, కాకినాడలోని ఒక ధర్మసంస్థ ధనం వెచ్చించింది. ఆ నాడు దాతలు మార్కుల పట్టికను మాత్రమే చూసి ఉంటే ఆ ఓడ సుబ్బారావు లేకుండానే కదిలిపోయేది. మా విద్యార్థులలో రుసుము చెల్లించలేక సంవత్సరం మధ్యలో చదువు మానేవారిని మేము చూస్తున్నాము. అట్టివారి కొరకు ఒక చిన్న నిధిని ఏర్పరచి, పరీక్ష తప్పినవారిని కూడ అందుకు అర్హులుగా పరిగణించినట్లయితే, ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి అంతకుమించి మరొకటి ఉండబోదు.